మొదట వినిన స్వరము

హల్లెలూయ అను మాట పలుకని క్రైస్తవుడు మన పల్లెలలో ఉండడు. అక్షరము రాని అవ్వ కూడ ఆ హెబ్రీ మాటను తన పుట్టింటి మాటవలె పలుకును. హల్లెలూ అనగా స్తుతించుడి. యా అనగా యెహోవా నామమునకు కురుచ రూపము. మన తెలుగు బైబిలులో కీర్తనలయందు దీనిని భాషాంతరము చేసి పెట్టిరి గాని, మన నాలుకమీద మాత్రము హెబ్రీ మాటయే నిలిచిపోయెను.

ఈ మాటనే పల్లవిగా పెట్టుకొని కెనడా దేశస్థుడొకడు 1984లో ఒక పాట రికార్డు చేసెను. అది గుడిలో పాడుటకు వ్రాసినది కాదు. అయినను ఆ పాటను ఎవరు చక్కగా పాడిరి, ఎవరు పాడుచేసిరి, ఎవరికి పాడుటకు హక్కు కలదు అని జనులు నలుబది ఏండ్లుగా వాదించుకొనుచున్నారు. గడచిన క్రిస్మసుకు ముందు ఆ వాదము సముద్రములు దాటి మా సంఘములోనికి కూడ వచ్చి కూర్చుండెను. ఆ సంగతి మీతో చెప్పవలెనని యున్నది. అయితే ముందుగా ఆ పాట పుట్టుక కొంచెము తెలిసికొననిదే మావారి తగవు మీకు అర్థము కాదు.

పాట వ్రాసినవాడు లెనర్డ్ కోహెన్. 1934లో మాంట్రియల్ పట్టణమున యూదుల కుటుంబములో పుట్టెను. ఆయన తల్లిని కన్న తండ్రి రబ్బీ, గొప్ప పండితుడు. కోహెన్‌గారు మొదట కవి, నవలలు వ్రాసినవాడు. ముప్పది దాటిన తరువాతనే పాటల పనికి వచ్చెను. ఈ ఒక్క పాట వ్రాయుటకు ఆయనకు కొన్ని ఏండ్లు పట్టెను. నోటు పుస్తకములు నిండిపోయెను గాని పాట మాత్రము ముగియలేదు. న్యూయార్కులో ఒక హోటలు గదిలో నేలమీద కూర్చుండి తలను నేలకు కొట్టుకొంటినని ఆయనే తరువాత చెప్పుకొనెను. బాబ్ డిలన్ అను ప్రసిద్ధ గాయకుడు ఆయనను ప్యారిస్ నగరములో కలిసికొని, ఈ పాటకు ఎంతకాలము పట్టెనని అడుగగా, రెండేండ్లని చెప్పెనట. నిజమునకు అంతకంటె ఎక్కువే పట్టెను; సిగ్గుపడి తగ్గించి చెప్పెను. అప్పుడు కోహెన్‌గారు డిలన్‌గారి పాట ఒకటి ఎత్తి, మీకు దీనికెంత పట్టెనని అడుగగా, పదునైదు నిమిషములని జవాబు వచ్చెనట. ఆదివారపు ప్రసంగమును గూర్చి పాష్టర్లు ఒకరినొకరు ఇట్లే అడిగికొనుట నేనెరుగుదును.

ఇంత కష్టపడి చేసిన పాటను అమెరికాలోని పెద్ద రికార్డు కంపెనీవారు విని, ఆ పాటలున్న సంపుటమును తమ దేశమున విడుదల చేయమనిరి. మరియొక చిన్న కంపెనీవారు దానిని అక్కడ బయటికి తెచ్చిరి. ఎవరును పెద్దగా పట్టించుకొనలేదు.

పాటలో ఏమున్నది? మొదట దావీదు వాద్యము వాయించుచు వచ్చును. రాగము ఎక్కడ ఎక్కునో ఎక్కడ దిగునో పాట తన్ను గూర్చి తానే చెప్పుకొనును. ఆ మాట చెప్పుచున్నప్పుడే రాగమును అట్లే ఎక్కి దిగును. తరువాత మేడమీదనుండి స్నానము చేయుచున్న స్త్రీని చూచిన సంగతి వచ్చును. ఇది రెండవ సమూయేలు 11వ అధ్యాయములోనిది. వెంటనే తలవెండ్రుకలు కత్తిరించుట వచ్చును. అది దావీదు కథ కాదు, న్యాయాధిపతులు 16వ అధ్యాయములోని సమ్సోను కథ. రెండు కథలను ఒకే చరణములో ముడివేసి, రాజనగరు మేడనుండి మనలను నేరుగా ఒక వంటింటిలోనికి దింపివేయును. గ్రంథము తెలియక చేసిన పని అనుటకు వీలులేదు. రబ్బీ మనుమనికి ఆ కథలు తెలియకుండునా? స్త్రీవలన బలము పోగొట్టుకొనిన ఇద్దరిని ఒక్కనిగా చేసి చూపెను. దెలీలా తన చేతితో క్షౌరము చేయలేదు, ఒక మనుష్యుని పిలిపించెనని పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొనిన మావంటివారికి ఇట్టివి కంటిలో నలుసువలె తగులును గాని, పాట వినువారికి అది అడ్డము కాదు. కడపటి చరణములో పాడువాడు తన చేతనైనదంతయు చేసితిననియు, అది చాలలేదనియు ఒప్పుకొని, స్తుతి తప్ప మరేమియు లేనివాడై ప్రభువు యెదుట నిలుచును.

ఒకరు పాడిన పాటను మరియొకరు తమ రీతిని పాడి రికార్డు చేసినయెడల ఇంగ్లీషువారు దానిని కవర్ అందురు. ఈ పాటకు అట్టివి ఎన్ని వచ్చెనో లెక్కించుట కష్టము. అన్నిటిలో ముఖ్యమైనది వేల్సు దేశస్థుడైన జాన్ కేల్‌గారు 1991లో పియానోమీద పాడినది. ఆయన కోహెన్‌గారిని చరణములు పంపుమని అడుగగా, ఫ్యాక్సు యంత్రముమీద 15 కాగితములు వచ్చెనట! కేల్‌గారు మొదటి రెండు చరణములు ఉంచుకొని, కడపటి రెండు వదలివేసి, వేరే మూడు ఏరుకొనెను. దానితో ప్రభువు యెదుట నిలుచు చరణము పోయెను. ఒప్పుకోలుతో ముగిసిన పాట ఇప్పుడు దేవుడున్నాడేమో, ప్రేమవలన నేను నేర్చినది ఇంతే అను అనుమానముతోను గాయముతోను ముగియుచున్నది.

కేల్‌గారు పాడినది విని జెఫ్ బక్లీ అను అమెరికా యువకుడు 1994లో గిటారు మీటుచు పాడెను. ఆయన రికార్డులో పాటకు ముందు ఒక నిట్టూర్పు వినబడును. దానిని తీసివేయక అట్లే ఉంచిరి. ఈ నిట్టూర్పును మీరు జ్ఞాపకముంచుకొనవలెను. 1997 మే 29న ఆ యువకుడు మెంఫిస్ పట్టణమునొద్ద నదిలో దిగి మునిగి చనిపోయెను. అప్పటికి ఆయన వయస్సు 30 సంవత్సరములు. ఆ తరువాతనే ఆయన పాట ఇంటింటికి చేరెను. 2001లో ష్రెక్ అను పిల్లల బొమ్మల సినిమాలో కేల్‌గారి పాట పెట్టిరి. అయితే ఆ సినిమా పాటల రికార్డు కొనుక్కొనినవారికి అందులో రూఫస్ వెయిన్‌రైట్ అను మరియొకరు పాడినది దొరికెను. సినిమాలో విన్నది వేరు, ఇంటికి తెచ్చుకొనినది వేరు!

ఇక 2008వ సంవత్సరపు క్రిస్మసు. బ్రిటనులో క్రిస్మసు వారమున ఏ పాట అన్నిటికంటె ఎక్కువగా అమ్ముడుపోవునో దానికి గొప్ప పేరు వచ్చును. ఆ ఏడు టెలివిజనులో జరిగిన పాటల పోటీలో గెలిచిన అలెగ్జాండ్రా బర్క్ అను యువతిచేత ఈ పాట పాడించి విడుదల చేసిరి. గొప్ప కంఠము, వెనుక బృందగానము, పండుగకు తగిన ఆర్భాటము. బక్లీ పాటను ప్రేమించినవారికి కోపము వచ్చెను. విరిగిన హృదయముతో పాడవలసిన పాటను బాణాసంచావలె పేల్చిరని వారి మాట. వారు కూడబలుకుకొని, చనిపోయి పదకొండేండ్లయిన ఆ యువకుని పాటను కొని మొదటి స్థానమునకు ఎక్కించవలెనని పూనుకొనిరి. తుదకు బర్క్ పాట మొదటిది, బక్లీ పాట రెండవది ఆయెను. ఒకే పాట ఆ రెండు స్థానములలో నిలుచుట ఆ దేశమున 1957 తరువాత అదియే. మరి పాటను కన్న కోహెన్‌గారి రికార్డు ఎక్కడ నిలిచెను? 36వ స్థానములో!

ఈ తగవును నేను చాలసార్లు ఆలోచించితిని. అసలు పాటను కాపాడుచున్నామని చెప్పినవారు కాపాడినది అసలు పాట కాదు. అది కేల్‌గారినుండి బక్లీ తీసికొనినది. కేల్‌గారు కోహెన్‌గారినుండి తీసికొనినది. అనగా మూడవ చేతిలోనిది. పోనీ మొదటి చేతిలోనిదైనను స్థిరముగా నున్నదా? కోహెన్‌గారు తానే కచేరీలలో చరణములు మార్చి పాడుచుండెను. ఆయనకే ఒక్క పాట కాని దానిలో ఇదియే అసలైనదని ఎవరు చెప్పగలరు? బర్క్ పాట మొదట వినిన పదునాలుగేండ్ల పిల్లకు అదియే అసలు పాట. పదేండ్ల తరువాత బక్లీ పాట వినినప్పుడు, ఇదేమి ఇంత నీరసముగా పాడుచున్నాడని అనుకొనును. ఆ పిల్లకు చెవి లేదనుట న్యాయము కాదు. కోహెన్‌గారికి ఈ సందడి ఎట్లుండెనో గాని, 2009లో ఒక సంభాషణలో, ఇది మంచి పాటయే గాని మరీ ఎక్కువమంది పాడుచున్నారని నవ్వుచు చెప్పెను. ఆయన 2016 నవంబరు 7న చనిపోయెను.

నా సంగతి కూడ చెప్పవలెను గదా. 1990వ దశకములో నేను వేదాంత కళాశాలలో చదువుకొనుచుండగా, మాతో నాగాలాండునుండి వచ్చిన స్నేహితుడొకడుండెను. వారి కొండలలో ప్రతి ఇంటిలో గిటారుండునేమో అని మేమనుకొనుచుంటిమి. రాత్రి విద్యుత్తు పోయినప్పుడు వసతిగృహపు మెట్లమీద కూర్చుండి అతడు ఈ పాట పాడెను. మరునాడు హెబ్రీ పరీక్ష. క్రియారూపములు వల్లించుచున్న మేము నలుగురము పుస్తకములు మూసి వచ్చి క్రింది మెట్టుమీద కూర్చుంటిమి. అతడు బక్లీ కాసెట్టునుండి నేర్చుకొనెనట. చాల ఏండ్ల తరువాత కోహెన్‌గారి స్వంత రికార్డు నాకు దొరికెను. లోతైన గొంతు, వెనుక స్త్రీల బృందము. నూతిలోనుండి ఎవరో పెద్దాయన మాటలాడుచున్నట్లుండెను. రచయిత పాడినదిదే అని తెలిసియు నా మనస్సు దానిని కవరుగానే వినెను. ఇప్పటికిని నాకు ఆ చీకటి మెట్లమీది గొంతే అసలు.

ఇప్పుడు మా సంఘమునకు వత్తము. మాది గోదావరి కాలువల ప్రాంతము. గడచిన నవంబరు నెలలో మా యవనస్థులు క్రిస్మసు ఆరాధనకు ఒక క్రొత్త పాట నేర్చుకొంటిమని చెప్పి, ఒక ఆదివారము గుడి విడిచిన తరువాత పాడి వినిపించిరి. రాగము మొదలు కాగానే నాకు తెలిసిపోయెను. 2012లో అమెరికాలో క్లోవర్టన్ అను బృందమువారు ఈ రాగమునకు క్రీస్తు జనన వృత్తాంతమును మాటలుగా కట్టిరి. మావారు ఫోనులో దానిని చూచి, తెలుగులో చరణములు వ్రాసికొనిరి. బేత్లెహేము వచ్చెను, పశువుల తొట్టి వచ్చెను, కాపరులు జ్ఞానులు అందరు వచ్చిరి. పల్లవి హల్లెలూయ గనుక దానికి మార్పు అక్కరలేదు. కీబోర్డు వాయించు కుర్రవాడు కన్నులు మూసికొని వాయించుచుండెను.

పాట ముగిసినది గాని చాపలు ఎవరును చుట్టలేదు.

సంఘపెద్దగారు ముందుగా లేచిరి. ఆయన మనుమడు ఆ బృందములోనే యున్నాడు; వానివలననే ఈ పాట ఎక్కడిదో ఆయనకు తెలిసియుండెను.

"లోకపు పాటకి బైబిలు మాట తగిలిస్తే కీర్తన అయిపోద్దా అయ్యగారూ? కల్లు కుండ కడిగి అందులో పాలు పోస్తే వాసన పోద్దా?"

మనుమడు తాతను ఎదిరింపలేక నా వైపు చూచెను. "మాటలన్నీ మార్చేశాం కదండీ. ఒక్క తప్పు మాట కూడా లేదు, చూడండి" అని కాగితము చూపెను.

ఇంగ్లీషు చెప్పి రిటైరైన టీచరమ్మగారు ఆ కాగితము తీసికొని చదివి, కండ్లజోడు తీసి, "తప్పు మాట లేదు నిజమేరా అబ్బాయ్. కానీ అసలు పాటలో ఉన్నవాడు ఏడుస్తున్నాడు. మీ కాపరులు దేనికి ఏడుస్తున్నారు?" అనెను. ఆమెకు మార్చిన పాటకంటె మార్చని పాటయే మేలట. దావీదు పాపమును దాచక చెప్పినది అదియే గదా అని ఆమె వాదము.

యవనస్థులలోనే మరియొక తగవు బయలుదేరెను. ఒకడు బక్లీవలె ఒక్క గొంతుతో పాడవలెననెను. ఒక అమ్మాయి, 2016లో పెంటటోనిక్స్ అను అయిదుగురు వాద్యములు లేక గొంతులతోనే పాడినట్లు పాడుదమని మొదటినుండియు చెప్పుచున్నను ఎవరును వినలేదనెను. ఈ గొడవ మధ్య వెనుక చాపమీద కూర్చుండిన మామ్మ ఒకామె, "హల్లెలూయ అన్నప్పుడల్లా నేనూ అన్నాను. మధ్యలో ఏమన్నారో నాకెందుకూ?" అని కొంగు సర్దుకొని ఇంటికి పోయెను.

సంఘపెద్దగారి మాటకు నేను జవాబు చెప్పవలసి యుండెను. ఆయన సామెత చక్కనిదే గాని, సంఘచరిత్ర దానికి ఎదురుగా నున్నది. పాశ్చాత్య సంఘములు మంచి శుక్రవారమున గొప్ప భక్తితో పాడు కీర్తన ఒకటి కలదు. ముండ్ల కిరీటము ధరించిన శిరస్సును గూర్చినది. దాని రాగము హాన్స్ లియో హాస్లర్ అను జర్మనుడు 1601లో కట్టినది, అది ప్రేమ పాట. ఒక కన్యను తలచి మతిచెదరిన పడుచువాని పాట! అర్ధశతాబ్దము గడిచిన తరువాత పౌల్ గెర్హార్ట్ వ్రాసిన సిలువ కీర్తనకు ఆ రాగము కలిసెను. తరువాత బాక్ మహాశయుడు తన మత్తయి సువార్త శ్రమల గానములో దానిని మరల మరల వాడెను. ఇప్పుడు ఆ రాగములో ఎవరికిని ఆ కన్య జ్ఞాపకము రాదు. 22వ కీర్తన శీర్షికను చూడుడి. అయ్యెలెత్ షహరు అను రాగము పేరు అక్కడ వ్రాయబడియున్నది. తెల్లవారుజాము లేడి అని దాని అర్థము చెప్పుదురు. అది అంతకుముందే జనులు పాడుకొనుచున్న పాట పేరు అయియుండునని పండితులు పలువురు తలంచుచున్నారు. ప్రభువు సిలువమీద ఎత్తి పలికిన కీర్తనకు లేడి పాట రాగము! కాబట్టి కుండ కడిగిన వాసన పోదను మాట అన్నిచోట్ల నిలువదు.

అయితే పిల్లల పాటను ఆరాధనలో పాడుటకు నేను ఒప్పుకొనలేదు. నా కారణము వేరు. హాస్లర్ రాగమును దుఃఖముతో పాడవచ్చును. అది సిలువకు తగెను. ఈ రాగము పల్లవిలో ఎక్కి ఎక్కి, చివరకు అలసి క్రిందికి దిగి కూర్చుండును. దానిమీద దేవదూతల సంతోష సమాచారము పెట్టుట పెండ్లి పాటకు ఏడుపు రాగము కట్టినట్లున్నది. టీచరమ్మగారు కాపరులను గూర్చి అడిగినది ఇదే. మరియు, మార్చని పాట ఒక్క మనుష్యుడు తాను పోగొట్టుకొనిన ఒక్క స్త్రీతో చెప్పుకొను పాట. సంఘమంతయు ఏకకంఠముతో చెప్పదగినది కాదు. అది గదిలో పాడుకొనునది. వీధులలో కారల్సుకు పోయినప్పుడు మీ పాట పాడుకొనవచ్చును, ఆరాధనలో మాత్రము మన కీర్తనల పుస్తకమునుండి పాడుడి అని చెప్పితిని. సంఘపెద్దగారికి ఇది సగము నచ్చెను. కీబోర్డు కుర్రవాడు ఒక వారము నాతో మాట్లాడలేదు. మన కీర్తనలకైనను ఈ తగవు తప్పినదా? పుస్తకములో ప్రతి కీర్తనపైన రాగము తాళము అచ్చువేసి యుండగా, ఈ ఊరివారు ఒక తీరున, కాలువ అవతలి ఊరివారు మరియొక తీరున పాడుచునే యున్నారు. కోడళ్లు పుట్టింటి వరుస విడువక పాడగా, పల్లవియొద్ద గుడిలో రెండు పాటలు వినబడుటయు కలదు.

ఇంతవరకు చెప్పినది చెవులకు సంబంధించిన తగవు. ఆ దినమున నోరు తెరువని ఒక తల్లి సంగతి వేరు.

ఆమెకు ఒక్కడే కుమారుడు. హైదరాబాదులో ఉద్యోగము చేయుచు, రెండేండ్ల క్రిందట జ్వరము తగిలి, ఇంటికి కబురు వచ్చులోపలనే చనిపోయెను. సమాధి చేసినది నేనే. వాని బట్టలతోపాటు వాని ఫోను కూడ ఆమెకు చేరెను. ఇంతకుముందే సంఘపెద్దగారు నాతో ఆమెను గూర్చి చెప్పియుండిరి. "పొద్దుగూకేసరికి ఆ ఫోనులో ఇంగ్లీషు పాట పెట్టుకుని కూర్చుంటుందండీ. ఒకటే పాట, రోజూ. కుటుంబ ప్రార్థన మానేసింది. మీరు చెప్తే వింటుంది, మాన్పించండి" అని. ఆయన కఠినుడు కాడు. ఆ పిల్లవాని పాడెకు భుజము పట్టినవారిలో ఆయన ఒకడు. ఆమె ఒంటరిగా ఎటుపోవునో అని ఆయన భయము.

పాట వినిపించిన ఆ ఆదివారము తరువాత మంగళవారము సాయంకాలమున నేనును అమ్మగారును ఆమె ఇంటికి పోతిమి. అరుగుమీద కూర్చుండియుండెను. ఫోను ఒడిలో నున్నది. మమ్మును చూచి ఆపబోగా, ఉండనిమ్మంటిని. అది బక్లీ పాట. మేము కూర్చున్నప్పటికి ముగియవచ్చెను. ఆమె మరల మొదటినుండి పెట్టెను. పాటకు ముందు ఆ నిట్టూర్పు వచ్చెను. ఆమె తల ఎత్తి నా వైపు చూచెను.

"విన్నారా అయ్యగారూ? ముందు ఊపిరి వదుల్తాడు చూడండి. మావాడూ అంతే. పనినుంచి వచ్చి, చెప్పులు విడిచి, అచ్చం అలాగే ఊపిరి వదిలి కూర్చునేవాడు. పండక్కి వచ్చినప్పుడు ఈ గోడకానుకునే కూర్చునేవాడు."

కొంచెము ఆగి, "మొన్న గుళ్ళో పిల్లలు పాడారు గదా. బాగానే పాడారు. రాగం అదే. కానీ అది మావాడి పాట కాదయ్యా. ఊపిరి లేదందులో" అనెను.

బ్రిటనులో వేలకొలది జనులు డబ్బు పెట్టి కొని చెప్పదలచిన మాటను ఈమె ఒక్క వాక్యములో చెప్పినదని నాకు తోచెను. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. దావీదు పేరు కూడ ఆ పాటలో ఆమె పట్టుకొనలేదు. ఆమెకు అర్థమైనవి రెండే, పాటకు ముందటి ఊపిరి, పల్లవిలోని హల్లెలూయ.

మాన్పించుమనిన పని నేను చేయలేదు. ప్రార్థన మానితివట గదా అని అడుగగా, "ఇది అయిపోయాక చేసుకుంటున్నానండీ. ముందు చేస్తే మాట రావట్లేదు" అనెను. ఈ సంగతి నేను సంఘపెద్దగారికి చెప్పగా, ఆయన చాలసేపు ఊరకుండి, "అయితే సరేలెండి" అనెను. కీర్తనల గ్రంథములో విలాపములు ఎన్ని కలవో, స్తుతికి రాకముందు ఎన్ని వచనములు మూలుగులో గడుచునో ఆయనకు నేను బోధింపనక్కరలేదు. ఆయన భార్యను సమాధి చేసినప్పుడు 88వ కీర్తన చదువుమని నన్నడిగినవాడు ఆయనే. ఆ కీర్తన చీకటితోనే ముగియును.

ఆమె పాట అర్థము చెప్పుమనెను. తల్లితో చెప్పదగని చరణములు కొన్ని అందులో ఉన్నవని ముందే చెప్పి, మిగిలినవి చెప్పితిని. దావీదు వాయించుటయు, రాజు తప్పిపోవుటయు, బలవంతుని తల గొరుగుటయు చెప్పితిని. ఈయన పాడని చరణమొకటి కలదు, పాట వ్రాసిన పెద్దాయన పాడినది అని కడపటి చరణమును గూర్చియు చెప్పితిని. శ్రద్ధగా వినెను. పాడని చరణము సంగతి ఆమెకు నచ్చలేదు. "ఈ అబ్బాయి పాడలేదు గదా, పోనీండి" అనెను. అమ్మగారు నవ్వు ఆపుకొనెను. ఆమెయు కొంచెము నవ్వెను.

తరువాత, "ఈ పాడిన అబ్బాయి ఎక్కడుంటాడండీ?" అని అడిగెను.

చెప్పుదునా మానుదునా అని ఒక్క క్షణము తడబడితిని. చెప్పితిని. ముప్పది ఏండ్లకే పోయినాడని, నీళ్ళలో మునిగి పోయినాడని చెప్పితిని. ఫోను బల్లమీద పెట్టి చేతులు ఒడిలో పెట్టుకొనెను.

"తల్లుందా?"

"ఉంది. కొడుకు పోయాక, వాడు పాడి దాచినవన్నీ ఆవిడే దగ్గరుండి చూసుకుని బయటికి తెచ్చింది."

"తండ్రి?"

"ఆయనా పాటగాడే. ఈ అబ్బాయి చిన్నవాడుగా ఉన్నప్పుడే పోయాడు."

ఆమె తల ఊపుచు చాలసేపు కాలువ వైపు చూచెను. దీపాలవేళ ఆయెను. అవతలి గట్టున ఎవరో గేదెలను తోలుకొని పోవుచుండిరి.

"ఏ నదండీ అది?"

"ఊల్ఫ్ అని చిన్న నది. మిసిసిపీ అనే పెద్ద నదిలో కలుస్తుంది. అక్కడే, కలిసేచోట."

"మన గోదారంత ఉంటుందా?"

"మిసిసిపీ ఇంకా పొడుగమ్మా" అని అమ్మగారు చెప్పెను.

"అమ్మో" అని ఆమె లేచి, మాకు టీ పెట్టుటకు లోపలికి పోయెను.